సీ అర్చిన్ల పెంపకంపై ఆన్‌లైన్ కోర్సు: మేత పాఠం గట్టిది, అడవి పాఠం అసంపూర్ణం

హనుమకొండలో ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినా, సముద్రపు అడుగున బతికే, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్‌ను ప్రయోగశాలలోని ఫార్మలిన్ సీసాలో తప్ప నేను ఎన్నడూ చూడలేదు. అందుకే, ఆ అర్చిన్లు తినేసిన కెల్ప్ (సముద్రంలో పెరిగే పెద్ద నాచు) అడవులను తిరిగి నిలబెట్టడానికి సీ అర్చిన్లను పెంచడం ఎలాగో నేర్పుతామన్న ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు కంటబడగానే రుసుము కట్టి చేరాను. చివరి పాఠం దాకా విన్న తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను.

పాఠాలు ఉత్తర కాలిఫోర్నియా తీరంతో మొదలవుతాయి. అర్చిన్లను తిని అదుపులో ఉంచే పొద్దుతిరుగుడు సముద్ర నక్షత్రం, 2013లో మొదలైన ఒళ్లు కరిగిపోయే వ్యాధి వల్ల అక్కడ దాదాపు కనుమరుగైంది. ఆ వెంటనే, 2014 నుంచి 2016 వరకు సముద్రం అసాధారణంగా వేడెక్కడంతో చల్లని నీటిలోనే బాగా పెరిగే కెల్ప్ నీరసించింది. ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగలడంతో ఊదారంగు అర్చిన్లు విపరీతంగా పెరిగిపోయి, సుమారు 350 కిలోమీటర్ల తీరం పొడవునా 90 శాతానికి పైగా కెల్ప్ అడవి నశించింది. తిండి లేక ఎర్ర అబలోన్ నత్తలు చనిపోతుండడంతో 2018లో వాటి వేటనే ఆపవలసి వచ్చింది. ఇదంతా చక్కగానే చెప్పారు గానీ, ఆ వ్యాధికి విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా కారణమని 2025లో తేలిన విషయాన్ని పాఠంలో చేర్చలేదు. రుసుము తీసుకుని చెప్పే చదువు ఇంత వెనుకబడి ఉండకూడదు.

మూడో వారం పాఠం మాత్రం ఈ కోర్సుకే ప్రాణం. అధ్యాపకురాలు రెండు అర్చిన్లను కత్తెరతో కోసి పక్కపక్కన పెడతారు. బయటికి రెండూ ఒకటే, అవే ముళ్లు, అదే పరిమాణం. కెల్ప్ పోయి బోడిగా మిగిలిన సముద్రపు అడుగు నుంచి తెచ్చినదాని లోపల బీజకోశాలు ఉన్నాయో లేవో అన్నట్టు నల్లబడిన దారాల్లా అంటుకుని ఉన్నాయి. మేపినదానిలో అవే బీజకోశాలు నారింజ తొనల్లా ఐదు వరుసలుగా నిండి ఉన్నాయి. జపాన్‌లో 'ఉని' పేరుతో ఖరీదుగా అమ్ముడుపోయేది ఈ భాగమే. అర్చిన్ ఏళ్ల తరబడి ఆకలితోనే బతకగలదు. కెల్ప్ అంతా అయిపోయినా అది చావదు, లోపల సరుకు లేదు కనుక దాన్ని ఎవరూ కొనరు. అలాంటివాటిని ఈతగాళ్లు ఏరి తెస్తే, సముద్రపు నీరు పారే తొట్లలో ఉంచి రెండు మూడు నెలలు గుళికల మేత పెడతారు. నార్వేలోని నోఫిమా పరిశోధన సంస్థ ఇలాంటి మేతను తయారు చేసింది. పరకాల వైపు మా బంధువులు బక్కచిక్కిన పొట్టేళ్లను కొని, కొట్టంలో కట్టేసి మేపి, జాతర ముందు అమ్ముతారు. పని తీరు అచ్చంగా ఇదే.

అయితే పొట్టేలు బలిస్తే సరిపోతుంది గానీ, ఇక్కడ అడవి తిరిగి రావాలి. కోర్సు బలహీనపడింది ఇక్కడే. చదరపు మీటరుకు రెండు అర్చిన్లకు మించి మిగలకుండా ఏరితేనే కెల్ప్ మళ్లీ వేళ్లూనుకుంటుందని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. భద్రకాళి చెరువులో గుర్రపుడెక్క తీయించడం చూసిన వరంగల్ వాసులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అంచుల వెంట తీసి మధ్యలో వదిలేస్తే అది మళ్లీ కమ్ముకుంటుంది. అమ్మకానికి పనికివచ్చే పరిమాణం ఉన్నవాటిని మాత్రమే ఏరుకుని, రాతి సందుల్లోని చిన్నవాటిని వదిలేస్తే వ్యాపారం సాగుతుంది గానీ కెల్ప్ రాదు. హేచరీలో గుడ్ల నుంచి పెంచిన అర్చిన్లను అమ్మితే సముద్రంలో ఒక్కటి కూడా తగ్గదు. బోడి నేలలే సరుకు ఇచ్చే గనులైనప్పుడు, అవి పూర్తిగా పచ్చబడాలని వ్యాపారి ఎందుకు కోరుకుంటాడన్న ప్రశ్నను కోర్సు ఎక్కడా ఎదుర్కోలేదు. అర్చిన్లను తినే సముద్రపు నీటికుక్కలు ఉన్న చోట, అలాస్కాలోని అల్యూషియన్ దీవుల చుట్టూ కెల్ప్ దట్టంగా ఉందని, అవి లేని చోట అర్చిన్లే మిగిలాయని ఎస్టెస్, పాల్మిసానో అనే శాస్త్రవేత్తలు 1974లోనే చూపించారు. వేటాడే జంతువులను తిరిగి తేవడం గురించి కనీసం ఒక వారం పాఠం ఉండవలసింది.

తెలుగు ఉపశీర్షికలు యంత్రంతో చేయించినట్టున్నారు. కెల్ప్‌ను 'హెల్ప్' అనుకున్నట్టుంది, చాలా చోట్ల కెల్ప్ అడవి 'సహాయ అడవి' అయింది. ఇంగ్లీషు వినగలిగినవారు వాటిని ఆపేసి చూడడమే మేలు. జంతుశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులకు, అధ్యాపకులకు మూడో వారం కోసమైనా దీన్ని సిఫారసు చేస్తాను. పర్యావరణ పునరుద్ధరణ నేర్చుకోవాలని చేరేవారికి మాత్రం చేయను.

ఆ మూడో పాఠాన్ని ఇంటి దగ్గర చదువుకోవడానికి వచ్చే పిల్లలకు చూపించాను. 'సార్, వాటికి పెట్టే మేత దేంతో చేస్తారు, అదీ కెల్పేనా?' అని ఒక అమ్మాయి అడిగింది. తినే కెల్ప్‌ను శుభ్రం చేసేటప్పుడు మిగిలే తునకలతో చేసే మేత ఉందని నాకు తెలిసినంత చెప్పాను. కోర్సులో ఆ సంగతి లేదు. ఆమె ప్రశ్నను అలాగే నిర్వాహకులకు పంపాను. ఐదు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు.