స్లైసర్ ఫర్ ఫ్యూజన్ 360: మూపురం బాగుంది, కొమ్ములతోనే తంటా

లేజర్‌తో కోసిన పలక ముక్కల్ని ఒకదానిలో ఒకటి దూర్చి జంతువుల బొమ్మలు చేయడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది ఆటోడెస్క్ వాళ్ల స్లైసర్ ఫర్ ఫ్యూజన్ 360 అనే సాఫ్ట్‌వేర్. త్రీడీ మోడల్‌ని ఇది బల్లపరుపు ముక్కలుగా విడగొట్టి ఇస్తుంది. అంతకుముందు వాళ్లదే 123డి మేక్ ఉండేది, దాని స్థానంలో ఇది వచ్చింది. దీనికీ కొత్త వెర్షన్లు ఆగిపోయి చాలా కాలమైంది. అయినా ఉచితం, తేలిక, పని జరుగుతుంది.

ఎస్‌టీఎల్ లేదా ఓబీజే రకం ఫైలులో ఉన్న త్రీడీ మోడల్ ఇచ్చి, ఇంటర్‌లాక్డ్ స్లైసెస్ అనే పద్ధతి ఎంచుకుంటే చాలు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని ముక్కలు కోసి, అవి కలిసే ప్రతిచోటా సగం లోతు గాడి ఒకదానికి పైనుంచి, రెండోదానికి కిందనుంచి పెడుతుంది. ఏ ముక్క తర్వాత ఏది దూర్చాలో కూడా తెరమీద ఆడించి చూపిస్తుంది. నాకు దీనిలో బాగా నచ్చేది ఇదే.

ఒంగోలు గిత్తను చేసినప్పుడు దీని బలం, బలహీనత రెండూ తెలిశాయి. అడ్డ ముక్కల్ని దగ్గర దగ్గరగా పెడితే మూపురం, వేలాడే గంగడోలు అద్భుతంగా వచ్చాయి. కొమ్ముల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేనికీ అంటుకోని చిన్న చిన్న తునకలు. తోకదీ అదే కథ. ముక్కలు సమదూరంలో పడతాయి కాబట్టి ఒక్కోసారి సన్నటి కాలు రెండు ముక్కల మధ్య ఖాళీలోకి జారిపోతుంది. అందుకే ఇప్పుడు బ్లెండర్ అనే త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే కాళ్లు కాస్త లావు చేసి, కొమ్ములు, తోక తీసేసి పంపుతాను. కొమ్ముల్ని తర్వాత తల ముక్క మీదే బల్లపరుపుగా గీసుకుంటాను. బొమ్మకు అందం కూడా దానివల్లే వస్తుందని నా అభిప్రాయం.

షీటు మందం దగ్గర జాగ్రత్త. 3 మి.మీ. అని అమ్మే ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే పలక) నిజంగా అంతే మందం ఉంటుందనుకోకండి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి ఆ అంకే వేయండి. కోసేటప్పుడు లేజర్ కాల్చి తినేసే వెడల్పు కూడా ఉంటుంది, సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ. దాన్ని వదిలేస్తే గాడి వదులై గిత్త ఊగుతుంది. వేర్వేరు వెడల్పు గాడులున్న చిన్న దువ్వెన లాంటి ముక్క ముందు కోయించుకుని, సరిగ్గా బిగిసే కొలత చూసి, గాడి వెడల్పును పెంచి తగ్గించే స్లాట్ ఆఫ్‌సెట్ సరిచేసుకోండి. వానాకాలంలో ఎండీఎఫ్ కాస్త ఉబ్బుతుంది, కొలత మళ్లీ చూడాల్సిందే. షీటు సైజు దగ్గర కటింగ్ షాపు మెషిన్ బెడ్ (పలక పరిచే బల్ల) కొలతే పెట్టండి, 8×4 అడుగుల పూర్తి పలక కొలత కాదు.

భారీ మెష్, అంటే లెక్కలేనన్ని చిన్న పలకలతో (పాలిగాన్లతో) అల్లిన మోడల్ ఇస్తే నత్తనడకే. ముందు పాలిగాన్లు తగ్గించి, రంధ్రాలు పూడ్చండి. ముక్కల నంబర్లను లేజర్ బయటికి కనిపించే వైపే చెక్కేయడం మరో చికాకు, వాటిని డీఎక్స్‌ఎఫ్‌లో (కోతకు పంపే డ్రాయింగ్ ఫైలు) వేరు చేసి తీసేస్తాను. కొత్తవాళ్లు తాబేలు లాంటి గుండ్రటి జంతువుతో మొదలుపెడితే మంచిది. సన్నకాళ్ల జింకను ఎవరైనా మొదటిసారే అడిగితే మాత్రం వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోమంటాను.