ఐదు తీగల బాస్ గిటార్: రెండేళ్ల స్టేజీ వాడకం తర్వాత

ఈ బాస్ చేతికొచ్చిన నాలుగో రోజే షో. పాతది ఉండగా దీంతో స్టేజీ ఎక్కొద్దని మా డ్రమ్మర్ చెప్పాడు, వినలేదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే ఆ మంద్రస్వరం గుండెల్లోకి దిగిపోతోంది, ఇక ఆగడం ఎలా? మొదటి పాట ‘ఈ’ తీగ మీద ఎత్తుకోవాలి. స్టేజీ మీద చీకటి. నా బొటనవేలు అలవాటుగా మొహానికి దగ్గరగా ఉన్న పై తీగను వెతుక్కుంది. నాలుగు తీగల పాత బాస్‌లో అది ‘ఈ’. దీంట్లో ఇంకా కింది స్వరమైన ‘బి’. పాట ఎక్కడో పాతాళంలో మొదలైంది, పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

రెండేళ్లలో నలభైకి పైగా షోలు దీంతోనే వాయించాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. జాజ్ బాస్ తరహా బాడీ, 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్టలు), లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (ఆ సిగ్నల్‌ని పెంచి తీర్చిదిద్దే సర్క్యూట్). 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బాస్‌ది కూడా 34 అంగుళాలే, కాబట్టి మామూలు నాలుగు తీగల బాస్ వాయించేవాళ్ల ఎడమ చేతికి ఫ్రెట్ల (మెడ మీది అడ్డ పట్టీల) దూరాలు కొత్తగా అనిపించవు. ఇబ్బంది అంతా కుడి చేతికే. నాకు సరిగ్గా అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది.

సౌండ్ దగ్గరకొస్తే, ఇంట్లో విన్నదాన్ని నమ్మకండి. నేను బాస్ నాబ్ (కింది స్వరాలది) పూర్తిగా పెంచి, మిడ్ (మధ్య స్వరాలది) తగ్గించి మురిసిపోయాను. అదే సెట్టింగ్‌తో స్టేజీ ఎక్కితే హాలంతా గుమ్మని ఒకటే మోత, ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియలేదు. చిన్న వాల్యూమ్‌లో మన చెవికి కింది స్వరాలు తక్కువగా వినిపిస్తాయి, అందుకే ఇంట్లో పెంచుకుంటాం. పెద్ద వాల్యూమ్‌లో అవి వాటంతటవే పైకొస్తాయి. పైగా కిక్ డ్రమ్, కీబోర్డ్ ఎడమ చెయ్యి కూడా ఆ కింది స్వరాల్లోనే కూర్చుంటాయి. ఇప్పుడు నా బాస్ నాబ్ మధ్యలో ఉంటుంది, మిడ్ మాత్రం కొంచెం ఎత్తుతాను. ఒక్కడినే వాయిస్తే ఆ సౌండ్ ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. బ్యాండ్ మొత్తం కలిస్తే ప్రతి స్వరం విడిగా వినబడుతుంది. ఈ ప్రీయాంప్‌లో నాకు బాగా నచ్చింది ఆ మిడ్ నాబే.

రెండు పికప్‌లనూ సమానంగా ఉంచితే హమ్ (కరెంటు మోత) ఉండదు. ఒకవైపుకి తిప్పితే, ముఖ్యంగా స్టేజీ లైట్ల దగ్గర, బుయ్‌మంటుంది. సింగిల్ కాయిల్ అంటేనే అంత, దాన్ని లోపంగా లెక్కపెట్టను.

‘బి’ తీగ గురించి మాత్రం ఫిర్యాదు ఉంది. ‘ఈ’ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగితే, ఇది 31 దగ్గర మోగుతుంది. బాస్‌తో పాటు వచ్చిన 125 గేజ్ (తీగ లావు కొలత) తీగ సాగిన రబ్బరులా వదులుగా ఉండేది. 130 వేశాక గట్టిపడింది. తీగ లావు కావడంతో నట్‌లో (మెడ పైచివర తీగలు ఆనే పట్టీలో) దాని గాడిని కాస్త వెడల్పు చేయించాల్సి వచ్చింది. ‘జి’ తీగ ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం పుట్టీపుట్టగానే చచ్చిపోతుంది. చాలా బాస్‌లలో ఆ చుట్టుపక్కల ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. సాగదీయాల్సిన స్వరమైతే ‘డి’ తీగ పదకొండో ఫ్రెట్‌కి వెళ్లి అదే స్వరం తీసుకుంటాను.

బరువు నాలుగున్నర కేజీల పైనే. రెండు గంటల షో అయ్యేసరికి ఎడమ భుజం పీకేస్తుంది. చెయ్యి వదిలితే తల భాగం నేలకు వాలుతుంది, దాన్ని ఎత్తిపట్టడానికే మణికట్టు అలసిపోయేది. లోపలివైపు గరుకుగా ఉండే వెడల్పాటి తోలు స్ట్రాప్ వేశాక సగం తగ్గింది. మిగతా సగం భరిస్తున్నాను.

ఇక బ్యాటరీ. కేబుల్ జాక్ పెడితే చాలు ప్రీయాంప్ ఆన్ అయిపోతుంది, మనం వాయిస్తున్నామా లేదా దానికి అనవసరం. ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ అలాగే వదిలేసి పడుకున్న రాత్రులు నాకు చాలా ఉన్నాయి. ఒక షో మధ్యలో సౌండ్ చిరిగిన స్పీకర్‌లా గరగరలాడింది, తర్వాత నీరసపడింది. బ్యాటరీ మూతకు నాలుగు స్క్రూలు పెట్టారు. వేలితో నొక్కితే తెరుచుకునే మూత పెట్టడానికి ఏమొచ్చిందో! పాటకీ పాటకీ మధ్య స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చోలేం కదా. ప్రీయాంప్‌ని పక్కన పెట్టేసే పాసివ్ స్విచ్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. నొక్కాను. బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు పనిచేయవు, వాల్యూమ్, టోన్ మాత్రమే మిగిలాయి. అప్పుడు వాయించాల్సింది నెమ్మది పాట.

పాట అయ్యాక డ్రమ్మర్ ముందుకు వంగి, “ఏం మార్చావురా? ఇలాగే ఉంచెయ్” అన్నాడు. బ్యాటరీ అయిపోయిందని వాడికి ఇప్పటికీ చెప్పలేదు. ఆ పాటొస్తే స్విచ్ నొక్కేస్తాను.