విల్సన్ బ్లేడ్ 98: మూడేళ్లు ఆడిన తర్వాత

టెన్నిస్ టోర్నమెంట్లకు ఏ రాకెట్ కొనాలని ఎవరైనా అడిగితే, దుకాణంలో చేతిలోకి తీసుకుని ఊపి చూసో, స్నేహితుడి రాకెట్‌తో పది బంతులు కొట్టి చూసో నిర్ణయానికి రావద్దని మొదట చెబుతాను. ఉదయం ఆరు గంటలకు అలసట లేని చేతికి దాదాపు ప్రతి రాకెట్టూ బాగానే అనిపిస్తుంది. ఏప్రిల్‌లో పదకొండు గంటల ఎండలో, మూడో సెట్ 4-4 దగ్గర రెండో సర్వ్ వేయవలసి వచ్చినప్పుడు చేతికి అది ఎలా తోస్తుందన్నదే చూసుకోవలసిన విషయం. 2022లో కొన్న విల్సన్ కంపెనీవారి ఎనిమిదో తరం బ్లేడ్ 98 రాకెట్‌ను వారానికి నాలుగు రోజుల చొప్పున మూడేళ్లు, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఉదయపు ఆటల్లోనూ, 35 ఏళ్లు పైబడినవారి పోటీల్లోనూ వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకుముందు నా దగ్గర 100 చదరపు అంగుళాల హెడ్ (గట్స్, అంటే తీగలు, అల్లి ఉండే భాగం), మందమైన బిరుసు ఫ్రేమ్ ఉన్న 300 గ్రాముల రాకెట్ ఉండేది. చెయ్యి కాస్త ఆడిస్తే చాలు, బంతి బేస్‌లైన్ దాకా వెళ్లేది. అది చూసి మురిసిపోయి, బంతి అదుపు తప్పకుండా ఉండాలని పూర్తి పాలిస్టర్ గట్స్‌ను 56 పౌండ్ల టెన్షన్‌తో బిగించి ఆడేవాణ్ణి. రెండో ఏడాదికల్లా మోచేతి బయటివైపు ఎముక మీద వేలు ఆనిస్తే జివ్వుమని లాగేది, తలుపు తాళం తిప్పాలంటే ఎడమచేతితో తిప్పవలసి వచ్చేది. రెండు నెలలు ఆట మానుకోవలసి వచ్చింది. తప్పు ఒక్క ఫ్రేమ్‌దే అనను. బిరుసు ఫ్రేమ్‌కు బిరుసు గట్స్ జతచేసి, పైగా అంత బిగించడం నా పొరపాటు.

98 చదరపు అంగుళాల హెడ్ ఉన్న బ్లేడ్ 98 (నిలువు 16, అడ్డం 19 గట్స్ రకం) గట్స్ లేకుండా 305 గ్రాములు ఉంటుంది. ఫ్రేమ్ మందం 21 మిల్లీమీటర్లు, పొడవు అందరికీ తెలిసిన 27 అంగుళాలే. గట్స్, పిడి మీద చుట్టే ఓవర్‌గ్రిప్, గట్స్ కంపనం తగ్గించే చిన్న డ్యాంపెనర్ చేరాక దాదాపు 330 గ్రాములకు వస్తుంది. కొనే ముందు దీన్నీ, యోనెక్స్ ఈజోన్ 98నూ అడిగి తెచ్చుకుని చెరో రెండు వారాలు ఆడాను. ఈజోన్ బరువు కూడా అంతే, కానీ సర్వ్‌కు అది నాకు ఎక్కువ వేగం ఇచ్చింది. అయినా బ్లేడ్ వైపే మొగ్గడానికి కారణం బ్యాక్‌హ్యాండ్ స్లైస్, అంటే బంతి అడుగును కోసినట్టు కొట్టే దెబ్బ. బంతి గట్స్ మీద ఒక్క క్షణం ఆగినట్టుండి, నెట్‌కు జానెడు ఎత్తున జారుతూ వెళ్లి, అవతల లేవకుండా పడుతుంది. నా పాయింట్లలో సగం ఆ దెబ్బ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, సర్వ్‌లో కొంత వేగం వదులుకోవడానికి సిద్ధపడ్డాను. మోచేతి నొప్పి ఈ మూడేళ్లలో మళ్లీ రాలేదు.

అయితే ఈ రాకెట్ చేతిని పూర్తిగా తిప్పి ఆడేవారికే ఫలితమిస్తుంది. అలసిపోయి సగం ఊపుతో కొడితే బంతి సర్వీస్ లైన్ దగ్గరే పడి ప్రత్యర్థికి వడ్డించినట్టవుతుంది. మొదటి వేసవిలో నేను ఓడిన మూడు మ్యాచ్‌లూ మూడో సెట్‌లో ఇలాగే పోయాయి. ఫ్రేమ్ మార్చాలని తొందరపడ్డాను కానీ, మార్చవలసింది గట్టింగ్ (గట్స్ వేయించే తీరు) అని తర్వాత తెలిసింది. ఇప్పుడు నిలువు గట్స్ పాలిస్టర్, అడ్డం గట్స్ సన్నని పోగులు కలిపి చేసిన మెత్తని మల్టీఫిలమెంట్ వేయించి, మామూలు రోజుల్లో 50, ఏప్రిల్, మే నెలల్లో 48 పౌండ్లకు బిగింపిస్తున్నాను. బిగువు తగ్గించాక రాకెట్టే బంతిని లోతుకు పంపుతోంది కాబట్టి చివరి సెట్‌లో భుజం మీద భారం తగ్గింది.

గట్టింగ్ విషయంలో మనవాళ్లు చేసే పొదుపు నాకు బాధ కలిగిస్తుంది. వేలు ఖర్చుపెట్టి రాకెట్ కొని, గట్స్ తెగేదాకా ఏడాదిపాటు వాటితోనే ఆడేవారు మన కోర్టుల్లో చాలామంది ఉన్నారు. పాలిస్టర్ తెగకపోయినా సాగే గుణం పోగొట్టుకుంటుంది. నాకు పది పన్నెండు గంటల ఆట తర్వాత ఆ తేడా తెలుస్తుంది. మధ్యలో ఒక నిలువు గట్‌ను వేలితో పక్కకు జరిపి చూడండి: అడ్డం గట్ రాసుకున్న చోట చిన్న గాడి కనిపిస్తుంది, జరిపిన గట్ తిరిగి తన చోటికి రాకుండా అక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోయిందంటే మార్పించే వేళ దాటిందని అర్థం. ఎండలో ఆపిన కారులో రాకెట్ వదిలేస్తే ఆ వేళ ఇంకా ముందే వస్తుంది.

ఒకసారి బషీర్‌బాగ్ ప్రాంతంలోని ఒక దుకాణంలో 50 పౌండ్లకు గట్టింగ్ చేయమని ఇస్తే, చెక్కపలకలా బిగుసుకుపోయిన రాకెట్ తిరిగి వచ్చింది. నా రెండో రాకెట్‌ను పక్కన పెట్టుకుని, మృదంగం శ్రుతి చూసినట్టు రెండింటినీ తట్టి చూస్తే శబ్దంలో ఎంతో తేడా ఉంది. మర్నాడు మ్యాచ్ ఉండడంతో ఆ గట్స్ కోసి పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒకే మనిషి చేత, ఒకే యంత్రం మీద చేయిస్తున్నాను. అంకె కన్నా ప్రతిసారీ అదే బిగువు రావడం నాకు ముఖ్యం.

రెండో రాకెట్ అన్నాను కదా, పోటీలు ఆడేవారికి ఒకే రకం రాకెట్లు రెండు తప్పనిసరి. మ్యాచ్ మధ్యలో గట్ తెగితే వేరే రాకెట్‌తో ఆడడమంటే కొత్తగా నేర్చుకోవడమే. ఏ తయారీలోనైనా కొద్ది గ్రాముల తేడా సహజం కాబట్టి, నా రెండు ఫ్రేములనూ గట్స్ వేయించకముందే తెలిసినవారి బంగారం దుకాణానికి తీసుకెళ్లి త్రాసులో పెట్టించాను. ఒకటి మరొకదానికన్నా నాలుగు గ్రాములు తక్కువ తూగింది. తేలిక దానికి హెడ్ ఇరుపక్కలా గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల రెండేసి గ్రాముల సీసపు టేపు అంటించాక, కళ్లు మూసుకుని పట్టుకుంటే ఏది ఏదో చెప్పలేకపోయాను.

గ్రిప్ సైజు సందేహంగా ఉంటే చిన్నదే తీసుకోవడం మేలు. ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు, లావైన పిడిని సన్నం చేయడం మాత్రం కష్టం. మన వేసవిలో మెత్తగా అంటుకునే రకం ఓవర్‌గ్రిప్ మొదటి సెట్ ముగిసేలోపే జారుతుంది. చెమట పీల్చుకునే నీలిరంగు టూర్నా గ్రిప్ నాకు నప్పింది, అయితే మే నెలలో సెట్‌కొకటి మార్చవలసిందే.

బంతిని ఎక్కువగా అడ్డుపెట్టి తిప్పికొట్టే డబుల్స్ ఆటగాళ్లకూ, ఇంకా భుజబలం రాని పిల్లలకూ నేను దీన్ని సూచించను. మా అపార్ట్‌మెంట్‌లో పదమూడేళ్ల అమ్మాయి ఇది ముచ్చటపడి అడిగితే, ఒక గంట ఆడించి, వాళ్ల నాన్నగారికి ఇంకా తేలికైన, 100 చదరపు అంగుళాల హెడ్ ఉన్న రాకెట్ చూడమని చెప్పాను. 2024లో వచ్చిన తొమ్మిదో తరం బ్లేడ్‌తో కూడా రెండు వారాలు ఆడాను. బాగుంది, కానీ డబ్బు పెట్టి మారేంత తేడా నా చేతికి తెలియలేదు. గట్స్ దూరే చిట్లిన ప్లాస్టిక్ తొడుగులు (గ్రొమెట్లు) మార్పించుకుని, నలభైకి పైగా గట్టింగ్‌లు చూసిన ఆ పాత జతతోనే వచ్చే పోటీకి కూడా పేరు ఇచ్చాను.