మనవడికి పెంటా టీకా: మూడు విడతల అనుభవం

మా అమ్మాయి పురిటికి వచ్చి సికింద్రాబాద్‌లో మా దగ్గరే ఉండటంతో, మనవడికి 6, 10, 14 వారాల టీకాలు దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేయించాము. నెలన్నర పసివాడు ఒకే సూదిలో అయిదు మందులు తట్టుకుంటాడా అని అల్లుడికి భయం. నా భయం వేరు. చిన్నప్పుడు మా పక్కింటి పిల్లవాడు కోరింత దగ్గుతో ఊపిరందక నీలంగా మారడం కళ్లారా చూశాను.

ఆ దగ్గుతో పాటు కంఠసర్పి, ధనుర్వాతం, హెపటైటిస్-బి, న్యుమోనియానూ మెదడు పొరల వాపునూ తెచ్చే హిబ్ క్రిమి, ఈ అయిదింటికీ పెంటా రక్షణ ఇస్తుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు హెపటైటిస్-బి టీకా ధర విని వెనక్కి వచ్చేశాము. 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ దాన్ని తయారు చేశాకే ధర దిగింది. ఇప్పుడదే మందు ఈ సూదిలో ఉచితంగా కలిసి వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

సిస్టర్ విసుక్కోకుండా సీసా చూపించారు. లేబుల్ మీది వలయం కన్నా మధ్యలోని చదరం తెల్లగా ఉంటే, మందు వేడికి పాడవలేదని అర్థం. గడ్డకట్టినా ఈ మందు చెడిపోతుంది, అది మాత్రం ఆ చదరం చెప్పదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. పెంటా ఎడమ తొడకు, న్యుమోనియా టీకా కుడి తొడకు వేశారు.

మొదటి రాత్రి జ్వరం 101 దాటింది, తొడ గట్టిపడింది. సిస్టర్ బరువును బట్టి చెప్పిన పారాసెటమాల్ చుక్కలు వేస్తే తెల్లారేసరికి తగ్గింది. పెంటాలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వాడతారు కనుక జ్వరం ఎక్కువ. ప్రైవేటులో వేలు పెట్టి వేయించే ఆరు జబ్బుల టీకాల్లో కొన్నింటిలో ఆ క్రిమిలోని కొన్ని ప్రోటీన్లే ఉంటాయి. జ్వరం తక్కువే, కానీ కోరింత దగ్గు నుంచి ఆ రకం టీకా రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది. ఒక రాత్రి జ్వరానికి భయపడి అటు పరుగెత్తనక్కర్లేదని నా అభిప్రాయం. పిల్లవాడు మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, మూర్ఛ వచ్చినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

లోపాలూ చెప్పాలి. రెండో విడతకు మందు అయిపోయిందని వెనక్కి పంపారు, మళ్లీ శనివారం వెళ్లాము. ఆలస్యమైతే మొదటి నుంచి వేయించాలా అని అల్లుడు కంగారుపడ్డాడు, అక్కర్లేదు, మిగిలిన విడతలు కొనసాగిస్తే చాలు. టీకా తర్వాత అరగంట అక్కడే ఉండమంటారు, ఉన్నది ఒక్క బల్ల. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని చీర చాటున పాలిచ్చింది. బాలింతలకు నాలుగు కుర్చీలు వేయలేరా?

మూడో విడతకు వాడు ఒక్కసారి కెవ్వుమని ఏడ్చి నిద్రపోయాడు. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. వాడి టీకాల కార్డు పూజగూట్లో పెట్టాను.