స్పీకర్ల వెనక దూర్చే స్పాంజి బిరడాలు: గుంటూరు ఫ్లాట్‌లో నా అనుభవం

ఈ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు నా దగ్గర ఏళ్లుగా ఉన్నాయి. వాట్లు, వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) సైజు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నాకు చెప్పాలని ఉన్నదల్లా వీటితో పాటు వచ్చిన రెండు స్పాంజి బిరడాల గురించే. స్పీకర్ వెనక ఉండే గుండ్రటి పోర్టులో, అంటే అట్టడుగు బేస్‌ని పెంచే రంధ్రంలో దూర్చేవి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్నన్నాళ్లూ వాటి అవసరం రాలేదు. పొడవాటి హాలు, పైన పెంకులు, వరండా తలుపులు ఎప్పుడూ తీసే ఉండేవి. ఎల్లా వెంకటేశ్వరరావు గారి మృదంగం పెడితే ఎడమ వైపు దెబ్బ నిండుగా పడి, ఠక్కున ఆగేది. ఈ ధరలో ఇంత మంచి బేస్ ఇంకెక్కడా రాదని అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

గుంటూరు విద్యానగర్‌లో ఫ్లాట్‌కి వచ్చాక, అవే స్పీకర్లు, అదే ఆంప్లిఫయర్, కానీ వినడమే కష్టమైపోయింది. బేస్ గిటార్ ఒక్క స్వరం దగ్గరికి రాగానే గదంతా బుమ్మని మోగేది, పక్క స్వరాలు మామూలుగానే ఉండేవి. మృదంగం దెబ్బ తెగకుండా సాగేది. ఒకరోజు మా అమ్మ వంటింట్లోంచి "మోటారు ఆపలేదా?" అని కేకేసింది.

కారణం గది కొలతల్లోనే ఉంది. స్పీకర్లున్న గోడకీ, నేను కూర్చునే దివాన్ వెనక గోడకీ మధ్య 10 అడుగులు. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. అంత దూరంలో గోడల మధ్య నిలిచిపోయే శబ్దం సుమారు 56 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో 'ఎ' (A) అనే తీగ స్వరం 55 హెర్ట్జ్. అంటే గోడకీ గోడకీ మధ్య, నేలకీ స్లాబుకీ మధ్య దాదాపు ఒకటే స్వరం పెరుగుతోంది. పైగా స్పీకర్లూ నా తలా గోడలకు దగ్గరగా, అంటే ఆ బేస్ అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటే ఉన్నాయి.

స్పీకర్లను రెండు మూడు అడుగులు ముందుకు జరపమంటారు. సరైన సలహానే. కానీ అడుగు దాటితే నాకు బాల్కనీ తలుపు తెరుచుకోదు. షాపువాళ్లు గోడకు అతికించే ఫోమ్ పలకలు తీసుకోమన్నారు. ఆ స్వరం తరంగం పొడవు 20 అడుగులు, రెండంగుళాల ఫోమ్ దాన్నేం ఆపుతుంది? బేస్ నాబ్ తగ్గిస్తే గాయకుడి గొంతు కూడా పలచబడింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఈ బిరడాలు. స్పీకర్లను అడుగు ముందుకు జరిపి, రెండు పోర్టులూ మూశాను. ఆ సాయంత్రం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను! మృదంగం దెబ్బ మళ్లీ దెబ్బలా వినిపించింది, బేస్ గిటార్ స్వరాలన్నీ విడివిడిగా తెలిశాయి. పోర్టు మూస్తే స్పీకర్ సరిగ్గా ఆ అట్టడుగు బేస్‌నే తగ్గించి ఇస్తుంది. మిగతాది గది ఎలాగూ కలుపుతుంది.

అయితే సౌండ్ బాగా పెంచితే డప్పులో పస తగ్గుతోంది, వూఫర్ మీద భారం పడుతున్నట్టు తెలుస్తుంది. నేను రాత్రిళ్లు తక్కువ సౌండ్‌లో వింటాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఏసీ వేసి కిటికీలు మూసిన రోజుల్లో కాస్త బుమ్మనడం ఇంకా ఉంది. స్పాంజి కూడా ఇప్పుడు పొడిపొడిగా రాలుతోంది, ఒకదాని బదులు చుట్టిన మేజోళ్లు పెట్టాను, తేడా తెలియలేదు.

ఈ స్పీకర్ల బేస్ గురించి అప్పట్లో నేనన్న మాట మా పాత హాలుకి సరిపోతుంది. పదడుగుల గదికైతే, వెనక పోర్టున్నవి కొనేముందు బిరడాలు ఇస్తారో లేదో అడగండి. పెద్ద హాలున్నవాళ్లకు వాటితో పని పడకపోవచ్చు.