పెద్ద గొడుగా, చిన్న పిడికిలా: చట్టసభలో ప్రగతిశీల కాకస్‌కు ఏది మేలు?

అమెరికా ప్రతినిధుల సభ గురించి మాట వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతోంది. డెమొక్రాటిక్ పార్టీలోని వామపక్ష మొగ్గున్న దాదాపు వందమంది సభ్యుల బృందం (కాకస్ అంటే అలాంటి బృందమే) ప్రోగ్రెసివ్ కాకస్ మాటకు లేని బరువు, అందులో సగం కూడా లేని, రిపబ్లికన్ పార్టీలోని గట్టి మితవాదుల ఫ్రీడమ్ కాకస్ మాటకు ఎలా వచ్చింది? వీరూ వారిలాగే సంఖ్య తగ్గించుకుని, కట్టుబాటు పెంచుకుని, అవసరమైనప్పుడు ఓటు బిగబట్టడం నేర్చుకుంటే మేలు కదా? ఈ రెండో ప్రశ్నకు నేనూ చాలాకాలం అవుననే జవాబిచ్చాను. 2021 చివరి నెలల పరిణామాలను తేదీల వారీగా మళ్లీ చదువుకున్న తరువాత అంత ధీమాగా చెప్పలేకపోతున్నాను.

రెండు బృందాల పుట్టుకలోనే తేడా ఉంది. 1991లో బెర్నీ శాండర్స్ మరో ఐదుగురితో కలిసి మొదలుపెట్టిన ప్రోగ్రెసివ్ కాకస్ తలుపులు తెరిచి పెట్టుకుని పెరిగింది. ఆ ముద్ర కావాలనుకున్నవారు చేరారు, చేరినవారిలో కొందరు కీలకమైన ఓటింగ్ రోజున తమ దారి తాము చూసుకున్నారు. 2015 జనవరిలో ఏర్పడిన ఫ్రీడమ్ కాకస్‌లోకి పిలుపు ఉంటేనే ప్రవేశం. అయిదింట నాలుగు వంతుల మంది ఒక వైఖరికి ఒప్పుకుంటే మిగిలినవారు దానికి కట్టుబడాలి. ప్రోగ్రెసివ్‌లు ఈ తేడాను గమనించకపోలేదు. 2020 చివరలో నియమావళి మార్చుకుని, ఇద్దరు సహాధ్యక్షుల పద్ధతికి స్వస్తి చెప్పి ప్రమీలా జయపాల్‌ను ఏకైక అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మూడింట రెండు వంతుల మంది ఆమోదించిన వైఖరికి సభ్యులు చాలావరకు కట్టుబడాలన్న నిబంధనా అప్పుడే వచ్చింది. గొడుగు మడవకుండానే పిడికిలి బిగించి చూద్దామన్న ప్రయత్నం అది.

పిడికిలికి దక్కాల్సిన మార్కులు ముందు దానికి వేద్దాం. 2023 జనవరిలో రిపబ్లికన్లకు సభలో ఉన్నవి 222 స్థానాలు, అంటే మెజారిటీకి పైన నాలుగే. ఇరవై మంది, వారిలో అత్యధికులు ఫ్రీడమ్ కాకస్‌వారే, అడ్డం తిరగడంతో తమ పార్టీ నేత కెవిన్ మెకార్తీని స్పీకర్‌గా ఎన్నుకోవడానికి 15 విడతల ఓటింగ్ జరపాల్సివచ్చింది. ఒక్క సభ్యుడు కోరినా స్పీకర్ తొలగింపు తీర్మానం పెట్టే వీలును, ఏ బిల్లు ఎలా ఓటుకు రావాలో తేల్చే రూల్స్ కమిటీలో చోటును వారు రాయించుకున్నారు. ఆ వీలుతోనే అదే ఏడాది అక్టోబరు 3న ఎనిమిది మంది రిపబ్లికన్లు (అందరూ ఆ కాకస్‌వారు కారు) డెమొక్రాట్లతో కలిసి 216-210 ఓట్లతో మెకార్తీని దించేశారు. ఇంత పెద్ద కార్యం ఇంత తక్కువమందితో జరిగిన సందర్భాలు అరుదు.

అయితే ఈ రెండు ఘటనల నడుమ జరిగినదాన్ని ఎవరూ అంతగా తలచుకోరు. ప్రభుత్వం ఎంతవరకు అప్పు చేయవచ్చో చెప్పే రుణ పరిమితి బిల్లు మీద ఫ్రీడమ్ కాకస్ బిగుసుకుంటే మెకార్తీ అవతలి పక్షం ఓట్లతో గట్టెక్కాడు. ఆ బిల్లు 314-117తో నెగ్గింది, అనుకూలంగా ఓటేసిన డెమొక్రాట్లు 165 మంది, రిపబ్లికన్లు 149 మంది. బెదిరింపు స్పీకర్ కుర్చీని కదపగలిగింది కాని చట్టాన్ని తనకు కావలసినట్టు రాయించలేకపోయింది.

నా లెక్కలో ఈ పోలికను తేల్చేది సంఖ్య కాదు, క్రమశిక్షణా కాదు. బిల్లు వీగిపోయిన మర్నాడు ఎవరి చేయి ఖాళీగా మిగులుతుందన్నది. ప్రభుత్వం తక్కువ ఖర్చుపెట్టాలని కోరే బృందానికి ఏ బిల్లూ నెగ్గకపోవడమే సగం విజయం. మందుల ధర తగ్గాలని, పిల్లలకు భత్యం కొనసాగాలని కోరే బృందానికి ఏదో ఒకటి నెగ్గితేనే పని జరిగినట్టు. పైనుంచి చూస్తే ఇద్దరి చేతుల్లోని ఆయుధం ఒకటే, కాని ఒకరి ఆయుధానికి పిడి లేదు, పట్టుకున్న చేతినే కోస్తుంది. ఎదుటివారికి ఆ సంగతి తెలుసు. బేరంలో అసలు బలహీనత అదే.

2021లో జరిగింది చూడండి. 1.2 లక్షల కోట్ల డాలర్ల మౌలిక వసతుల బిల్లు ఆగస్టు 10న 69 ఓట్లతో సెనేట్ దాటి సభకు వచ్చింది. దానిని ఒంటరిగా పోనివ్వమని, తమకు అసలు కావలసిన సంక్షేమ, వాతావరణ బిల్లుతో జంటగానే ఓటేస్తామని ప్రోగ్రెసివ్‌లు పట్టుబట్టారు. సెప్టెంబరు 30న జరగాల్సిన ఓటింగ్ నిజంగానే ఆగిపోయింది. ఆ మర్నాడు అధ్యక్షుడు బైడెన్ స్వయంగా కాపిటల్‌కు వచ్చి, ఆరు నిమిషాలో, ఆరు రోజులో, ఆరు వారాలో, ఎప్పుడైనా సరే పని పూర్తిచేద్దామని చెప్పి వెళ్లాడు. ఆ కాకస్ చరిత్రలో అంతకన్నా బలమైన రోజు నాకు కనబడదు.

నవంబరు 5 రాత్రికి ఆ బలం ఒక కాగితం ముక్కగా మారింది. రెండో బిల్లుకు కూడా, ఖర్చు అంచనాలు వచ్చాక, ఓటేస్తామంటూ ఐదుగురు మధ్యేవాద డెమొక్రాట్లు సంతకాలు చేసిన ప్రకటన అది. దానిని నమ్మి కాకస్‌లో అత్యధికులు ఓటేశారు, 228-206తో మొదటి బిల్లు నెగ్గింది. నిజానికి ఆ ఐదుగురూ మాట తప్పలేదు. రెండో బిల్లు రెండు వారాలకే సభలో 220-213తో నెగ్గింది. కాని ఆ మాటతో సంబంధం లేని డెమొక్రాట్ ఒకడు సెనేట్‌లో ఉన్నాడు. ఇరు పక్షాలకు యాభై యాభై ఓట్లున్న చోట జో మాంచిన్ డిసెంబరు 19న వద్దనగానే బిల్లు ఆగింది. దానికి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 15న, తల్లిదండ్రుల ఖాతాల్లో పడిన, ఆ బిల్లు కొనసాగించాలనుకున్న పిల్లల భత్యమే, ఆరేళ్లలోపు బిడ్డకు నెలకు 300 డాలర్ల వరకు వచ్చినదే, చివరి వాయిదా అయింది.

జయపాల్ మెత్తబడకుండా ఉంటే ఫలితం వేరుగా ఉండేదని వాదించేవారు ఆ రాత్రి వ్యతిరేకంగా ఓటేసిన ఆరుగురు డెమొక్రాట్లను ఉదాహరణగా చూపుతారు. అయితే ఆ ఆరుగురి ఓట్లు లేని లోటును 13 మంది రిపబ్లికన్లు పూడ్చారు. మరింతమంది బిగబడితే బిల్లు ఆగేది, నిజమే. కాని మౌలిక వసతుల బిల్లు ఆగినంత మాత్రాన మాంచిన్ దిగివస్తాడనడానికి ఆధారమేదీ లేదు.

మరి గొడుగు ఏం చేసింది? దాని పని కనబడదు, అందుకే పొగడ్త దక్కదు. కాకస్‌ను స్థాపించిన ఆరుగురిలో నలుగురు ఆ తరువాత కమిటీ అధ్యక్షులయ్యారు: సాయుధ దళాల కమిటీకి రాన్ డెలమ్స్, ఆర్థిక సేవల కమిటీకి మాక్సిన్ వాటర్స్, రవాణా కమిటీకి పీటర్ డిఫాజియో, సెనేట్ బడ్జెట్ కమిటీకి శాండర్స్. పార్టీతో తెగతెంపులు చేసుకోకుండా ఉన్నందుకు వచ్చిన కుర్చీలివి. మాంచిన్ కోసిన బిల్లుకు మొదట 3.5 లక్షల కోట్ల డాలర్ల చట్రం వేసింది శాండర్స్ కమిటీయే. చట్రం అంత పెద్దది కాబట్టే కోతలన్నీ అయ్యాక కూడా 2022 ఆగస్టులో చట్టమైన దాని కుదింపు రూపంలో మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) మందుల ధరపై బేరమాడే హక్కు, మెడికేర్ లబ్ధిదారులకు నెలకు 35 డాలర్లకు మించని ఇన్సులిన్ మిగిలాయి. (ఫ్రీడమ్ కాకస్ తొలి అధ్యక్షుడు జిమ్ జోర్డాన్ న్యాయ కమిటీ అధ్యక్షుడు కావడం కూడా మెకార్తీకి సన్నిహితుడయ్యాకే.)

గొడుగుకు చిల్లులు లేవనను. 2022 అక్టోబరులో ఉక్రెయిన్ యుద్ధంపై చర్చలు కోరుతూ 30 మంది సంతకాలతో వెలువడిన లేఖను మర్నాడే ఉపసంహరించుకోవాల్సివచ్చింది. వేసవిలో సంతకం చేసిన కాగితం శరత్తులో బయటికి వస్తే సంతకం పెట్టినవారే ఉలిక్కిపడ్డారు.

వేరే పార్టీ పెట్టుకోవడం మూడో దారి. ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతిలో దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్వతంత్రుడైన శాండర్స్ సైతం డెమొక్రాట్లతోనే కూర్చుంటాడు. బ్రిటన్ తరహా పార్లమెంటులో అయితే పార్టీ లోపలి పిడికిలికి కూడా చోటు తక్కువ. 2024 జులైలో ఇద్దరికి మించిన పిల్లలకు భత్యం ఇవ్వని పరిమితిని ఎత్తివేయాలని ఓటేసిన ఏడుగురు లేబర్ సభ్యులను పార్టీ పార్లమెంటరీ పక్షం నుంచి సస్పెండ్ చేసింది.

కాబట్టి నా మొగ్గు గొడుగు వైపే, ఒక సవరణతో. ఓటు బిగబట్టే నియమాన్ని బిల్లు సభకు వచ్చిన రోజుకు కాక, చట్రం గీసే నెలలకు దాచుకోవాలి, అదీ ఒకటి రెండు అంశాలకే. 2025 జనవరిలో ప్రోగ్రెసివ్ కాకస్ అధ్యక్షుడైన గ్రెగ్ కాసర్‌కు ప్రస్తుతం ఆ అవసరం రాలేదు. మైనారిటీలో ఉన్న పక్షం ఓటు బిగబట్టినా అవతలివారి లెక్క మారదు.