హనుమకొండలో దంపతుల అనుబంధ తరగతి: బోర్డు మీది పాఠం మేలు, మార్కుల కాగితం చేటు

హనుమకొండ బాలసముద్రంలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రం, పెళ్లయినవారి కోసమూ పెళ్లి కుదిరినవారి కోసమూ నిర్వహిస్తున్న ఆదివారం తరగతికి మావారితో కలిసి వెళ్లాను. పసితనంలో పెంచినవారితో ఏర్పడిన అనుబంధం పెద్దయ్యాక ఆలుమగల మధ్య ఏ రూపంలో బయటపడుతుందన్నదే అక్కడి పాఠ్యాంశం. అటాచ్‌మెంట్ థియరీ అన్న పేరుతో ఈమధ్య అందరి నోళ్లలోనూ నానుతున్నది ఇదే. జంటకు 2,500 రూపాయలు తీసుకుని, ఉదయం నుంచి సాయంత్రం దాకా పూర్తిగా తెలుగులో చెప్పి, మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారు. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నందున కేంద్రం పేరు రాయడం లేదు. ఇటువంటి తరగతికి ఎక్కడికి వెళ్లదలచిన వారికైనా ఈ వివరాలు పనికొస్తాయి.

ఉదయం భాగం సిద్ధాంతానికి కేటాయించారు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికతో బోధకురాలు మొదలుపెట్టారు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది కేవలం పాల కోసం కాదని, ఆపదలో కాచే మనిషి దగ్గరుండాలన్నది ఆకలితో సమానమైన మరో అవసరమని ఆయన వాదించిన తీరును ఎక్కడా తొందరపడకుండా వివరించారు. ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ప్రయోగం చెప్పారు. ఏడాది వయసు బిడ్డను తల్లితో సహా ఒక కొత్త గదిలోకి తెచ్చి, సుమారు ఇరవై నిమిషాల్లో తల్లి రెండుసార్లు బయటికి వెళ్లి తిరిగి వచ్చేలా ఏర్పాటు చేస్తారు. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్న దానికన్నా, తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే అందులో ముఖ్యం. ఎత్తుకోగానే ఊరడిల్లి మళ్లీ ఆటలో పడే పిల్లలు కొందరు. చంకనెక్కి కూడా ఊరడిల్లక, ఒకవైపు అతుక్కుంటూనే మరోవైపు కాళ్లతో తన్నే పిల్లలు కొందరు. తల్లి వచ్చిన సంగతే పట్టనట్టు బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయే పిల్లలు ఇంకొందరు. ఈ మూడింటిలోనూ ఇమడని నాలుగో తీరును తర్వాతి కాలంలో మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ గుర్తించారు. మూడో రకం పిల్లలు పైకి నిశ్చింతగా కనిపించినా ఆ సమయంలో వారి గుండె వేగం పెరుగుతుందని పరిశోధకులు కొలిచి చూశారని ఆమె చెప్పినప్పుడు, అప్పటిదాకా ఫోన్లలో తల దూర్చిన మగవారు ఒక్కొక్కరే తలెత్తడం చూశాను.

అయితే ఈ పాఠాన్ని మన ఇళ్లకు అన్వయించే దగ్గర ఆమె తడబడ్డారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన లేచి, "మా బాపు దుబాయిల ఉండె మేడం. అమ్మ బీడీలు చేస్తుండె, నన్ను అమ్మమ్మనే సాకింది. మరి నాది ఏ లెక్కల పడ్తది?" అని అడిగారు. తండ్రి దగ్గర లేని లోటు వల్ల దూరంగా ఉండే స్వభావం వచ్చి ఉంటుందని ఆమె వెంటనే తేల్చేశారు. బిడ్డ ఒక్కరితోనే కాక, తనను నిలకడగా చూసుకునే నలుగురితోనూ అనుబంధం పెంచుకోగలదని సిద్ధాంతమే ఒప్పుకుంటుంది. ఎయిన్స్‌వర్త్ తొలి పరిశీలనలు 1950లలో ఉగాండా పల్లెల్లో జరిగాయి. తల్లితో పాటు ఇంట్లోని ఇతరులతోనూ పిల్లలు గట్టిగా ముడిపడటం ఆమె అక్కడ గమనించారు. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవడం ఆనవాయితీ అయిన చోట, గల్ఫ్ వలసలు తరాలుగా సాగుతున్న చోట, పిల్లలు చిన్న వయసులోనే గురుకులాలకో ఇంటర్ హాస్టళ్లకో వెళ్లే చోట పాఠం చెప్పేవారు ముందుగా సిద్ధం చేసుకోవలసినది ఈ ప్రశ్నకు జవాబే. ఎవరు పెంచారని కాక, ఏడ్చినప్పుడు ఎవరు వచ్చేవారు, వస్తారన్న నమ్మకం ఉండేదా అని అడిగి ఉంటే ఆయనకు ఉపయోగపడేది.

ఇక భోజనానికి ముందు పంచిన మార్కుల కాగితం గురించి కొంత వివరంగా చెప్పాలి. అందులోని వాక్యాలకు మార్కులు వేసుకుని కూడితే మీరు సెక్యూర్ (భరోసాగా ఉండేవారు), యాంగ్షియస్ (ఆందోళన పడేవారు), అవాయిడెంట్ (దూరం పాటించేవారు) అనే మూడు గళ్లలో ఒక దానిలో పడతారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి ఉంటే దానికి ఎంత విలువ ఇవ్వాలో అందరికీ అర్థమయ్యేది. 1987లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే పరిశోధకులు అమెరికాలోని డెన్వర్ నగరపు దినపత్రికలో మూడు చిన్న పేరాలు అచ్చువేయించి, ప్రేమ విషయంలో మీకు ఏది సరిపోతుందో ఎంచుకోమన్నారు. వారు లెక్కకు తీసుకున్న 620 జవాబుల్లో 56 శాతం మంది భరోసా గడిని, 25 శాతం మంది దూరం పాటించే గడిని, 19 శాతం మంది ఆందోళన గడిని ఎంచుకున్నారు. పెద్దల ప్రేమకూ పసిపిల్లల అనుబంధానికీ పోలిక ఉందని చూపిన తొలి అడుగుగా అది గొప్పదే. కానీ పరిశోధన అక్కడే ఆగిపోలేదు. 1998లో వచ్చిన 36 వాక్యాల కొలమానం మనుషులను గళ్లలో పెట్టదు. వదిలేస్తారన్న భయం ఎంత, దగ్గరితనమంటే ఇబ్బంది ఎంత అని రెండింటినీ విడివిడిగా కొలుస్తుంది. అంటే దీన్ని బ్లడ్ గ్రూపులా కాక బీపీలా చూడాలి. అది ఒక మోతాదు, పైగా ఎదుటి మనిషిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఏడాది వయసులో కనిపించిన తీరుకూ పెద్దయ్యాక కాపురం నడిచే తీరుకూ మధ్య దీర్ఘకాల అధ్యయనాల్లో తేలిన సంబంధం కూడా అంత బలమైనదేమీ కాదు.

ఈ సంగతులు చెప్పకపోవడం వల్ల ఏం జరిగిందో భోజనాల బల్ల దగ్గరే కనిపించింది. "నువ్వు అవాయిడెంట్ అని రాసిచ్చిండ్రు కదా, ఇగ నీతోని ఏం మాట్లాడుడు?" అని ఒకావిడ పప్పు వడ్డించుకుంటూనే భర్తను నిలదీశారు. మరో జంటలో విషయం అత్తగారి పెంపకం దాకా పోయింది. అప్పటిదాకా పేరు లేని అలకకు ఇంగ్లిష్ పేరు దొరికితే అది తగాదాలో కొత్త ఆయుధం అవుతుందని నిర్వాహకులు ఊహించవలసింది.

మధ్యాహ్నం తరగతి మాత్రం చెల్లించిన రుసుముకు పూర్తిగా న్యాయం చేసింది. జంటల చికిత్సలో 1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, ప్రతి జంటనూ పదేపదే వచ్చే ఒక గొడవను ఎంచుకోమన్నారు. తప్పెవరిదన్న మాట లేకుండా, ఒకరి తర్వాత ఒకరు చేసిన పనులను మాత్రమే వరుసగా చెప్పాలి. మావారు రోజూ కాజీపేట నుంచి రైల్లో సికింద్రాబాద్ వెళ్లి వస్తారు. రాత్రి ఆలస్యమైతే నేను ఫోన్ చేస్తాను, ఆయన ఎత్తరు, నేను మళ్లీ మళ్లీ చేస్తాను, అన్ని మిస్డ్ కాల్స్ చూసి ఇంట్లో రణరంగం సిద్ధంగా ఉందనుకుని ఆయన ఫోన్‌ను సైలెంట్‌లో పెడతారు, ఇంటికి వచ్చాక నేను అన్నం పెట్టి మాట్లాడకుండా లోపలికి పోతాను, ఆయన టీవీ ముందు కూర్చుంటారు. బోధకురాలు ఇదంతా బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, చివరి వరుస నుంచి మొదటి వరుసకు ఒక బాణం గీశారు. తర్వాత మావారి వైపు తిరిగి, ఫోన్ మోగుతున్నప్పుడు ఒంట్లో ఏమనిపిస్తుందని అడిగారు. చాలాసేపు ఆలోచించి, "కడుపుల తిప్పినట్టయితది" అన్నారాయన. ఇన్నేళ్లలో నేను విననిది ఈ మాట. పట్టనితనం అని నేను లెక్కగట్టినది భయమని అప్పుడు తెలిసింది. నాకు మాత్రం ఆ గంటలో పట్టాల మీద ఏదో జరిగి ఉంటుందన్న బుగులే ఉంటుందని నేనూ చెప్పాను. దానికి ఆమె చెప్పిన ఉపాయం చాలా చిన్నది: మాట్లాడే ఓపిక లేకపోయినా "రైలెక్కిన, లేటైతది, ఇంటికొచ్చినంక మాట్లాడుత" అన్న ఒక్క మెసేజ్ ఆయన పెట్టాలి, అది చేరాక నేను ఇంకో కాల్ చేయకూడదు. ఇప్పటికీ ఇది నడుస్తున్నది, తప్పినప్పుడు కూడా ఇద్దరికీ ఎక్కడ తప్పిందో తెలుస్తున్నది.

గది ఏర్పాటు ఈ పనికి ఏమాత్రం తగినది కాదు. కుర్చీలను కళ్యాణ మండపంలో వేసినట్టు వరుసగా వేశారు. హనుమకొండ వంటి ఊళ్లో పక్క కుర్చీలో కూర్చున్నవారు ఏదో ఒక వరసకు చుట్టాలే అవుతారు కాబట్టి, చాలా జంటలు అసలు గొడవను దాచుకుని చిన్నదాన్ని బయటపెట్టాయి. భోజనం బాగుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన లోపం మరొకటి ఉంది. తరగతిలో చేర్చుకునే ముందు భార్యతో విడిగా, భర్తతో విడిగా మాట్లాడలేదు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నచోట భార్య పడే భయాన్ని యాంగ్షియస్ అనడం అన్యాయం, ఆమెను భర్త పక్కన కూర్చోబెట్టి మనసు విప్పమనడం ప్రమాదం. అటువంటి పరిస్థితిలో ఉన్నవారు ఈ తరగతికి వెళ్లవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ సఖి కేంద్రానికి గానీ ముందు వెళ్లాలి.

మిగిలినవారిలో, ఒకరు వెంటపడటం, మరొకరు ముడుచుకుపోవడం అనే తీరులో గొడవపడే జంటలకు దీన్ని సిఫారసు చేస్తాను. డబ్బు కట్టే ముందు, పాఠం చెప్పేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా కాదా, జంటతో విడిగా మాట్లాడే వీలుందా అని ఫోన్‌లోనే అడగండి. మార్కుల కాగితం తప్పనిసరి కాదు. వద్దంటే ఎవరూ బలవంతం చేయలేదు, మధ్యాహ్నం పాఠానికి దాని అవసరమూ పడలేదు.